ఒకరి మాట – మరొకరి కలం

వ్రాయటం వచ్చినవానికి లోకంలో గౌరవం లభిస్తుందో లేదో చెప్పలేము గాని, పని మాత్రం తప్పక లభిస్తుంది. కళాశాలలో తెలుగు ఉపన్యాసకుడుగా ఉన్నవాడు పాఠం చెప్పటంతో తన విధి ముగిసినదని భ్రమించరాదు. స్వాగతోపన్యాసం, సన్మాన పత్రం, సంతాప తీర్మానం, కలెక్టరు గారికి విన్నపం, ముషాయిరాకు ఆహ్వానం, పదవీ విరమణ చేస్తున్న గుమాస్తా గారికి వీడ్కోలు పలుకులు, పెద్దల పేరిట పత్రికలకు వ్యాసం, చివరకు పెళ్లి శుభలేఖ కూడా ఆయన బల్ల మీదికే వస్తాయి. అడిగేవారు ఎంతో మన్ననగానే అడుగుతారు. "ప్రొఫెసర్ సాబ్, మీకిది ఎంత పని? అయిదు నిమిషాలు" అంటారు. ఆ అయిదు నిమిషాల పని ఒక్కొక్కప్పుడు అయిదు రాత్రులు తింటుందని వారికి తెలియదు; తెలియజేయటం మర్యాద కాదు గనుక మేమూ చెప్పము. ఈ విద్యలోని కష్టసుఖాలను గురించి, అంతకంటె ముఖ్యంగా ఇందులోని ధర్మాధర్మాలను గురించి మా విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ నాలుగు మాటలు మనవి చేయటమే ఈ వ్యాసం ఉద్దేశం. పెద్దలు అన్యథా భావించరని మా నమ్మకం.

ఒకరి కోసం మరొకరు వ్రాసి, వ్రాసినవారి పేరు మరుగుపరచి, వ్రాయించుకున్నవారి పేరిట వెలువరించటాన్ని ఇంగ్లీషువారు 'ఘోస్ట్ రైటింగ్' అన్నారు. దయ్యపు వ్రాత అన్నమాట. మన భాషలో దీనికి స్థిరపడిన పేరు లేదు. పేరు లేనంత మాత్రాన పని లేదని కాదు. మన కథలలోని పరకాయ ప్రవేశమే దీనికి దగ్గరి పోలిక అని మాకు తోస్తుంది. ఆ విద్య తెలిసినవాడు తన దేహాన్ని ఒకచోట భద్రపరచి మరొక దేహంలో ప్రవేశిస్తాడు. ఆ కంటితో చూస్తాడు, ఆ నోటితో పలుకుతాడు. అయితే విడిచి వచ్చిన స్వదేహం ఏమవుతున్నదో అన్న చింత వానిని వదలదు. తెర వెనుక వ్రాసేవాని చింత కూడా అదే. పది సంవత్సరాలు పదిమంది గొంతులతో మాట్లాడినవాడు ఒకనాడు తన గొంతు ఎక్కడ పెట్టినదీ వెదకుకోవలసి వస్తుంది.

ఇది నేటి ఆచారం కాదు. పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కోరికపై నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయ మొదలిడి అరణ్యపర్వం మధ్యలో నిలిపివేశాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన ఆ శేషాన్ని ముట్టక విరాటపర్వం నుండి సాగించాడు. మధ్యనున్న ఖాళీని పధ్నాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. పూరించిన తీరు చూడండి. తన ప్రభువైన ప్రోలయ వేమారెడ్డికి గాక, ఎప్పుడో గతించిన రాజరాజ నరేంద్రుని పేరిటనే ఆ భాగాన్ని నడిపించాడు. నన్నయ శైలితో ఎత్తుకొని పాఠకుణ్ణి మెల్లమెల్లగా తిక్కన శైలి వద్దకు చేర్చాడని విమర్శకులు మెచ్చుకుంటారు. ఎక్కడా అతుకు కనబడదు. ఇంతగా తన్ను తాను మరుగుపరచుకున్న కవి కూడా పర్వాంతంలో మాత్రం, నన్నయ రచన అన్నట్లుగానే ఈ శేషాన్ని పూరించినది తానేనని పేరు చెప్పాడు. గొంతు ఎరువు తెచ్చుకున్నాడు గాని పేరు దాచలేదు. ఈ విద్యలో మాకు ఆదర్శం ఆయనే.

ఉర్దూ విభాగపు విద్యార్థులకు 'ఇన్షా' అన్న మాట కొత్త కాదు. ప్రభువుల తరఫున లేఖలు వ్రాయటం పారసీక సంస్కృతిలో ఒక శాస్త్రమే అయినది. అక్బర్ చక్రవర్తి పొరుగు రాజులకు పంపిన లేఖలను అబుల్ ఫజల్ వ్రాశాడు. ఆయన మేనల్లుడు వాటిని సంకలనం చేయగా తరువాతి తరాల మున్షీలు పాఠ్యగ్రంథంగా చదువుకున్నారు. అక్కడ మోసమేమీ లేదు. లేఖ చక్రవర్తిది, వాక్యం మున్షీది అన్న సంగతి పంపినవారికీ తెలుసు, అందుకొన్నవారికీ తెలుసు.

కవిత్వం దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఉస్తాదు శిష్యుని గజల్‌ను దిద్దటాన్ని 'ఇస్లాహ్' అంటారు. ఇది ఎంతో గౌరవప్రదమైన సంప్రదాయం. బహదూర్ షా జఫర్‌కు జౌఖ్ ఉస్తాదు. 1854లో జౌఖ్ మరణించిన తరువాత గాలిబ్ ఉస్తాదు. జౌఖ్ శిష్యుడైన ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో వెలువడిన తన 'ఆబె హయాత్'లో చక్రవర్తి కవిత్వంలో చాలా భాగం తన గురువుదే అన్న అభిప్రాయాన్ని ప్రచారం చేశాడు. తరువాతి విమర్శకులు దానిని ఒప్పుకోలేదు. అయినా ఆ అనుమానపు మరక నేటికీ పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు. దిద్దటం ఎక్కడ ముగిసి వ్రాసి ఇవ్వటం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న ఉస్తాదులందరికీ ఉన్నదే. ఎర్ర సిరాతో విద్యార్థుల వ్యాసాలు దిద్దే మాకూ ఉన్నది. మా సిరా వారి సిరాను మించిననాడు ఆ వ్యాసం ఎవరిది?

విదేశాల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాము. 1789లో జార్జి వాషింగ్టన్ అమెరికా అధ్యక్షునిగా చేసిన తొలి ప్రసంగాన్ని చిత్తుగా వ్రాసి ఇచ్చినవాడు జేమ్స్ మాడిసన్. ఆ ప్రసంగానికి ప్రతినిధుల సభ ఇచ్చిన సమాధానం వ్రాసినవాడూ ఆయనే. ఆ సమాధానానికి వాషింగ్టన్ ఇచ్చిన ప్రత్యుత్తరాన్ని వ్రాసినవాడూ ఆయనే! ఒకే మనిషి తనకు తానే నమస్కరించి, తనకు తానే ప్రతినమస్కారం చేసుకున్నాడు. మా వంటివారికి ఇది పెద్ద వింతగా తోచదు. సభలో స్వాగతోపన్యాసమూ, దానికి ముఖ్య అతిథి గారి ప్రతివచనమూ, వందన సమర్పణా ఒకే చేతివ్రాతతో ఉండటం అనేక ఊళ్లలో జరుగుతూనే ఉన్నది. ఇక కెనడీ పేర వెలువడిన 'ప్రొఫైల్స్ ఇన్ కరేజ్' గ్రంథానికి 1957లో పులిట్జర్ బహుమానం వచ్చింది. అందులోని అధ్యాయాలలో చాలావాటికి తొలి చిత్తుప్రతి తానే వ్రాసినట్లు ఆయన సహాయకుడు సోరెన్సన్ 2008లో తన స్మృతులలో చెప్పాడు. బహుమానం మాత్రం అట్ట మీద పేరున్నవారికే దక్కింది.

కనుక ఒకరి కోసం మరొకరు వ్రాయటమే తప్పు అని మేము అనబోవటం లేదు. అలాగంటే సగం చరిత్రను కొట్టివేయవలసి వస్తుంది. మా అభ్యంతరం వేరు. అది చెప్పే ముందు ఈ పనిలోని సాధక బాధకాలు కొన్ని చెప్పాలి.

మొదటి బాధ సరుకు లేకపోవటం. వ్రాయమన్నవారు ఏమి వ్రాయాలో చెప్పరు. "మీకు తెలియనిది ఏమున్నది, ఏదో నాలుగు మంచి మాటలు వ్రాయండి" అంటారు. వారి మనస్సులో ఏమున్నదో అడుగుదామంటే తీరిక ఉండదు. అప్పుడు వ్రాసేవాడు ఏమి చేస్తాడు? ఎవరి నోటికైనా సరిపోయే వాక్యాలను దుకాణం నుండి తీస్తాడు. విద్య జ్యోతి అంటాడు, యువత దేశానికి వెన్నెముక అంటాడు, తల్లి ఒడి తొలి బడి అంటాడు. ఈ వాక్యాలు అన్ని సైజులవారికీ సరిపోయే లుంగీల వంటివి. ఎవరికి కట్టినా ఒకటే.

రెండవ బాధ గొంతు. మాట్లాడే మనిషిది పొట్టి వాక్యమైతే మనం పొడుగు వాక్యం వ్రాయరాదు. ఆయన హాస్యప్రియుడైతే మనం ఉపదేశం వ్రాయరాదు. మా వంటి కళాశాలలో ఇంకొక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఇంట ఉర్దూ మాట్లాడి, ఉర్దూలో మాత్రమే చదువుకున్న పెద్దలు తెలుగు సభలో తెలుగులో మాట్లాడాలని ముచ్చటపడతారు. అది ఎంతో హర్షించదగిన కోరిక. అప్పుడు తెలుగు ఉపన్యాసాన్ని ఉర్దూ లిపిలో వ్రాసి ఇవ్వాలి. ఆ లిపిలో హ్రస్వ స్వరాలను మామూలుగా వ్రాయరు. తెలుగు ఎ, ఏలకు గాని ఒ, ఓలకు గాని భేదం కనబడదు. ళకారానికీ ణకారానికీ వేరే అక్షరాలు లేవు. కాబట్టి జేరు, జబరు, పేషు గుర్తులు ఒక్కొక్కటే పెట్టకపోతే మేము వ్రాసిన 'పిల్లల కళ్లు' వేదిక మీద 'పుల్లల కల్లు' కాగలదు. మైనారిటీ కళాశాల సభలో ఆ మాట వినబడితే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. అందువలన మేము ళకారం ఉన్న మాటలను సాధ్యమైనంతవరకు తప్పించి వ్రాయటం అలవాటు చేసుకున్నాము. 'కళాశాల' అన్న మాటను మాత్రం తప్పించలేక 'కాలేజీ' అంటాము. వ్యాకరణం చదువుకున్నందుకు ఇటువంటి ప్రయోజనాలు కూడా ఉంటాయి.

మూడవది అభిప్రాయం. మనకు సమ్మతం కాని మాటను మన కలంతో వ్రాయవలసి వచ్చినప్పుడు ఏమి చేయాలి? న్యాయవాది తన కక్షిదారు తరఫున వాదిస్తాడు కదా అని కొందరంటారు. నిజమే. కాని న్యాయవాది నల్లకోటు వేసుకొని అందరి ముందు నిలబడి వాదిస్తాడు. తెర వెనుక ఉన్నవానికి కోటు లేదు. వ్రాయను అని చెప్పే స్వేచ్ఛ ఉన్నప్పుడే వ్రాస్తాను అన్న మాటకు విలువ. కింది ఉద్యోగికి ఆ స్వేచ్ఛ ఎంత ఉంటుందో పై ఉద్యోగులే ఆలోచించాలి.

ఈ విద్యలో మేము నేర్చుకున్న తొలి పాఠం విశ్వవిద్యాలయంలో నేర్చినది కాదు. కడప జిల్లాలో మేము పెరిగిన వీధి నుండి అనేకులు కువైట్‌కు పోయి ఉండేవారు. గత శతాబ్దపు చివరి సంవత్సరాలవి. టెలిఫోను బూత్‌లో నిమిషానికింత అని లెక్క కనుక ఇళ్లలోని స్త్రీలు ఉత్తరాలు వ్రాయించేవారు. మా వైపు ముసల్మానుల ఇళ్లలో మాట ఉర్దూ, చదువు తెలుగు. భార్య దక్కనీలో చెబుతుంది, పిల్లవాడు తెలుగులో వ్రాస్తాడు, అక్కడ భర్త చదువుకుంటాడు, లేదా గదిలో ఉన్న మరొకరు చదివి మళ్లీ దక్కనీలో వినిపిస్తారు. మధ్యలో ఇన్ని చేతులు. వీధిలో మాకంటె పెద్దవాడు ఒకడు ఉండేవాడు. దస్తూరి ముత్యాల కోవ. సినిమా పాటలూ నవలలూ బాగా ఎరిగినవాడు. ఖాలా "ఇంటికప్పు కురుస్తున్నదని వ్రాయి" అంటే, వాడు ముందు విరహం మీద పది పంక్తులు వ్రాసి, ఆ తరువాత ఇంటికప్పు దగ్గరకు వచ్చేవాడు. ఒకసారి కువైట్ నుండి ఒక భర్త తిరుగు టపాలో అడిగాడట: ఇంత తియ్యటి మాటలు నీకు ఎవరు నేర్పుతున్నారు, ఉత్తరం వ్రాస్తున్నది ఎవరు? ఆ ఇంట్లో రెండు నెలలు పొయ్యి సరిగా వెలగలేదు. వ్రాసినవాడు ఏ పాపమూ ఎరుగడు. భాష బాగుండాలని మాత్రమే కోరుకున్నాడు.

అటు తరువాత ఆ వీధి స్త్రీలు చిన్నవాళ్లమైన మమ్మల్ని పిలిచేవారు. మా వ్రాతలో సొగసు లేదు గనుక భయం లేదు. "లిఖో బేటా" అని మొదలుపెట్టి, మేక అమ్మిన డబ్బూ, అత్తగారి మోకాళ్ల నొప్పీ, చిన్నవాడికి బడిలో వచ్చిన మార్కులూ వరుసగా చెప్పేవారు. వ్రాసిన తరువాత ఉత్తరాన్ని కవరులో పెట్టనిచ్చేవారు కారు. మొదటి నుండి చివరి దాకా చదివించుకొని, తెలుగులో ఉన్నదాన్ని మళ్లీ దక్కనీలో చెప్పించుకొని, తాము అనని మాట ఒక్కటి వినబడినా అక్కడ కొట్టివేయించేవారు. అన్న మాట ఒక్కటి తగ్గినా ఊరుకునేవారు కారు. అక్షరం రాని ఆ తల్లులకు గ్రంథకర్తృత్వం అంటే ఏమిటో తెలుసు. చదువుకున్న మనలో అనేకులకు తెలియదు.

ఆ పద్ధతినే ప్రభుత్వం కూడా ఒకచోట పాటిస్తున్నది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ముందు చెట్టుకింద కూర్చునే దస్తావేజు లేఖరిని మనం కవి అనము, రచయిత అనము. కాని అతడు వ్రాసిన విక్రయ దస్తావేజును ఒకసారి శ్రద్ధగా చూడండి. వ్రాయించి ఇచ్చినది ఎవరో ఉంటుంది. వ్రాయించుకున్నది ఎవరో ఉంటుంది. చదివి వినిపించగా విని ఒప్పుకొన్నట్లు ఉంటుంది. సంతకం రాకపోతే నిశానీ ఉంటుంది. సాక్షులుంటారు. చిట్టచివర 'దస్తూరి' అని, వ్రాసినవాని పేరు ఉంటుంది. అంతటితో కూడా సరిపోదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, ఈ దస్తావేజు నీవు వ్రాయించి ఇచ్చినదేనా అని అధికారి ఆ మనిషిని అడగాలి. అతడు కాదంటే రిజిస్టరు చేయరాదు. రెండు సెంట్ల స్థలం చేతులు మారటానికి ఇంత జాగ్రత్త ఉన్నది. మనిషి అభిప్రాయం చేతులు మారేటప్పుడు మాత్రం ఏ జాగ్రత్తా లేదు. ఫొటో ఒకటి, పేరు ఒకటి, మధ్యన ఎవరి వాక్యాలో!

జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదంతం మన ప్రాంతంలోనే జరిగింది. బహమనీ మంత్రి మహమూద్ గవాన్ లేఖా రచనలో ఉద్దండుడు. తన లేఖల సంకలనం 'రియాజుల్ ఇన్షా', లేఖా రచన మీద శాస్త్రగ్రంథం 'మనాజిరుల్ ఇన్షా' ఆయన కృతులు. బీదరులో ఆయన కట్టించిన మదర్సా శిథిలాలు నేటికీ యాత్రికులు చూస్తున్నారు. ఆయన శత్రువులు ఆయన ముద్ర భద్రపరచే సేవకుణ్ణి లోబరచుకొని, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకొని, ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని ఆయన పేరిట ఒక లేఖ సృష్టించారు. దానిని సుల్తాను మూడవ ముహమ్మద్ షాకు చూపించారు. ముద్ర తనదే గాని వ్రాత తనది కాదని ఆయన విన్నవించుకున్నట్లు ఫెరిష్తా తన చరిత్రలో చెప్పాడు. సుల్తాను వినలేదు. 1481లో కొండపల్లిలో ఆ వృద్ధ మంత్రికి శిరచ్ఛేదం జరిగింది. నేడు మన పిల్లలకు బొమ్మల వలన తెలిసిన ఆ కొండపల్లిలోనే. లేఖలు ఎలా వ్రాయాలో లోకానికి నేర్పినవాడు తాను వ్రాయని లేఖ కారణంగా ప్రాణం పోగొట్టుకున్నాడు. అది పచ్చి కుట్ర. మనం మాట్లాడుకుంటున్న మర్యాదపూర్వకమైన రచనకూ దానికీ పోలిక లేదని అనవచ్చు. పోలిక ఒక్కటే: ఖాళీ కాగితం మీద పడిన ముద్ర. తాను చదవని వ్యాసం కింద పేరు వేయటానికి ఒప్పుకున్న ప్రతివారూ తమ ముద్రను మరొకరి చేతిలో పెడుతున్నారు.

మేము ఎరిగిన ఒక మొహల్లాలో బాలికల వసతి గృహం కోసం ఒక విన్నపం తయారైనది. వ్రాసినవారు మంచి పండితులు. నలభై సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. కాగితం తీసుకున్న అధికారి ముందు వరుసలో ఉన్న ఒక తండ్రిని, అయ్యా, ఇందులో మూడవ కోరిక ఏమిటి అని అడిగాడు. ఆయన తెల్లముఖం వేశాడు. పక్కనున్నవారూ అంతే. అధికారి కాగితాన్ని మడిచి దస్త్రాల మీద పెట్టాడు. అప్పుడు వెనుక నుండి ఒక నానమ్మ ముందుకు వచ్చి, బాబూ, సాయంత్రం చివరి బస్సు అయిదింటికే పోతున్నది, మా మనుమరాలి ప్రాక్టికల్స్ ఆరింటికి ముగుస్తున్నాయి, దీపాలు లేని రోడ్డు మీద మూడు మైళ్లు నడిచి వస్తున్నది, చదువు మానిపించమంటావా అన్నది. అధికారి కలం తీసి ఆ ఒక్క విషయం వ్రాసుకున్నాడు. పండితుల విన్నపంలో 'రవాణా సౌకర్యముల కొరత' అని ఉన్నది. బస్సు లేదు, చీకటి లేదు, మనుమరాలు లేదు.

మా కమిటీలోని ఒక పెద్ద బాల్యంలో పగలు బీడీలు చుట్టి రాత్రి బడిలో చదువుకున్నారని ఈ మధ్య ఒక టీ సమయంలో వారే చెప్పగా విన్నాము. ఆకు కత్తిరించే కత్తెర పట్టిన చేతికి పలక పట్టుకోవటం ఎంత తేలికగా ఉండేదో చెప్పి నవ్వారు. వారి పేరిట పాత సంచికలలో వెలువడిన సందేశాలన్నిటినీ తిరగవేసి చూశాము. విద్య జ్యోతి అని ఉన్నది. యువత వెన్నెముక అని ఉన్నది. కత్తెర ఎక్కడా లేదు. (ఏ సందేశం ఎవరు వ్రాశారని విద్యార్థులు మమ్మల్ని అడగవద్దు; ఉపాధ్యాయుల గదిలో కొన్ని రహస్యాలు ఉండాలి.) బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు మా తరగతులలో నేటికీ ఉన్నారు. జ్యోతి గురించి చదివితే వారికి ఏమీ కాదు. కత్తెర గురించి చదివితే ఏమవుతుందో మాకు తెలుసు.

ఇక విద్యార్థులారా, మీ సంగతి. హాస్టలులో పుటకు ఇంత అని వెల కట్టి ఇతరుల అసైన్‌మెంట్లు వ్రాసి ఇచ్చే ప్రతిభావంతులు మీలో ఉన్నారు. బీద విద్యార్థి తన తెలివిని అమ్ముకొని మెస్ బిల్లు కడుతున్నాడంటే వానిని నిందించటానికి మాకు నోరు రాదు. కాని కొనుక్కున్నవానిని గురించి చెప్పగలము. వాడు వ్యాసం కొనలేదు. తనకు వ్రాయటం రాని స్థితిని డబ్బిచ్చి కొనసాగించుకున్నాడు. 2022 చివర నుండి ఇంకొక దారి కూడా తెరుచుకున్నది. ప్రశ్న ఇస్తే క్షణంలో వ్యాసం వ్రాసి ఇచ్చే యంత్రం ప్రతివారి చేతిలోని ఫోనుకే వచ్చింది. దానికి మెస్ బిల్లు లేదు, సిగ్గూ లేదు. దానిని పనికిరానిదని మేము కొట్టివేయము. ఒక మాటకు అర్థం అడగటానికో, ఒక సంగతి విచారించటానికో అది ఉపయోగపడవచ్చు. అయితే చెట్టుకింది లేఖరి కూడా కలం తీసే ముందు "మీ పేరేమి, తండ్రి పేరేమి, ఏమి అమ్ముతున్నారు" అని అడుగుతాడు. ఏమీ చెప్పకపోయినా ఈ యంత్రం వ్రాసి ఇస్తుంది. ఈ సంచికకు వచ్చిన తెలుగు వ్యాసాలలో 'తల్లి' మీద ఆరు వ్యాసాలున్నాయి. ఆరింటిలోనూ తల్లి త్యాగమూర్తి. ఒక్కదానిలోనూ ఆ తల్లికి పేరు లేదు, ఊరు లేదు, కోపం లేదు. ఏడవది ఒకటి వచ్చింది. అక్షరదోషాలు పదిహేడు. వాళ్ల అమ్మ మిర్చి కళ్లంలో పని చేసి వచ్చి చేతులు మంటపుట్టి రాత్రంతా నీళ్ల గిన్నెలో పెట్టుకొని కూర్చున్నదని వ్రాశాడు. సంపాదకవర్గంలో వాదం జరిగి ఏడవదానినే అచ్చుకు తీసుకున్నాము. దోషాలను ఆ విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకొని దిద్దాము. ఒక్క వాక్యం కూడా మేము చేర్చలేదు.

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. వచ్చే సంవత్సరపు సంచికకు సందేశాలు వ్రాసి పంపమని మమ్మల్ని ఆజ్ఞాపించవద్దు. అందుకు బదులు ఒక్కొక్కరు ఒక్క పావుగంట దయచేయండి. ద్వితీయ సంవత్సరం విద్యార్థి గాని విద్యార్థిని గాని మీ వద్దకు వచ్చి కూర్చుంటారు. ఉర్దూలోనో తెలుగులోనో మీకు నోటికి వచ్చిన భాషలో చెప్పండి. వారు వ్రాసి, మీకు చదివి వినిపిస్తారు. మీరు అనని మాట కొట్టివేయించండి. అన్న మాట తగ్గితే వ్రాయించండి. అచ్చులో మీ పేరు పైన ఉంటుంది, 'దస్తూరి' అని వ్రాసిన పిల్లవాని పేరు కింద ఉంటుంది. సందేశం అర పుటకు మించకపోయినా ఫరవాలేదు. విన్నపాల విషయంలో కూడా, సంతకాలకు ముందు కాగితాన్ని రెండు భాషలలో బిగ్గరగా చదివించే ఏర్పాటు ఉండాలి.

ఉర్దూ విభాగపు మిత్రులతో మాట్లాడాము. వారు నలుగురు విద్యార్థులను ఇస్తామన్నారు. తెలుగు విభాగం నుండి నలుగురు సిద్ధంగా ఉన్నారు. రెండు నోటు పుస్తకాలు కొన్నాము. ఒకటి కుడి నుండి తెరుచుకుంటుంది, ఇంకొకటి ఎడమ నుండి. అర్ధ సంవత్సర పరీక్షల తరువాత ఏ రోజు ఎవరి ఇంటికి రావచ్చునో పెద్దలు సెలవిస్తే పిల్లలు వస్తారు.